త్యాగఫలము

ఆత్రేయపురమనగానే పూతరేకులు జ్ఞప్తికి వచ్చును. ఆ సీమకు నీరందించు ధవళేశ్వరము ఆనకట్ట నిర్మాణకాలమునకు ముందే గోదావరి తీరమున వేరొక శ్రమ మొదలైనది. రాతిపనివాడు విలియం బౌడెన్, చెప్పులు కుట్టు జార్జి బీర్ 1836లో సకుటుంబముగా ఇంగ్లండు విడిచి వచ్చి, నరసాపురమున స్థిరపడిరి. వారు కులీనులు కారు, ధనికులును కారు. విడిచిపెట్టినది కొంచెమే యని కొందరనవచ్చును. తనకున్నదంతయు విడిచినవానికి అది కొంచెమా?

త్యాగమును పరలోకపు వడ్డీవ్యాపారముగా లెక్కగట్టు బోధ నాకు రుచింపదు. తొలి సంవత్సరములలో వారి బోధ నాలకించి చేరినవారు బహుస్వల్పము. 1853లో బీర్ కన్నుమూసెను. ఆయన కుమారులు ఆ సేవనే చేపట్టిరి. తండ్రి పడిన పాట్లను ఇంటనుండి కన్నులార చూచినవారు వారే గదా!