పండగ సెలవు ఆఫీసుల చుట్టూ తిరగడానికి కాదు

దీపావళి వస్తే సరిహద్దులోని సైనికులకు శుభాకాంక్షలు చెప్పడం మనకు ఆనవాయితీ అయింది. 2014లో ప్రధాని సియాచిన్ వెళ్లి జవాన్లతో పండగ రోజు గడిపారు. 2016లో పౌరులు సందేశాలు పంపేందుకు ‘సందేశ్ టు సోల్జర్స్’ ప్రచారం నడిచింది. ఇవి మంచివే, జవాన్లకు ఉత్సాహాన్నిస్తాయి. కానీ సివిల్స్‌కు సిద్ధమవుతున్న మీరు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఊళ్లో ఉన్న ఆ జవాను కుటుంబానికి పాలనా యంత్రాంగం ఏం చేస్తోంది?

ముందు సమస్యను అర్థం చేసుకోండి. యూనిట్‌లో అందరికీ ఒకేసారి సెలవు ఇవ్వడం కుదరదు. ఒకరికి దసరా దొరికితే మరొకరికి సంక్రాంతి. అలా వచ్చిన మనిషి కోసం పిల్లలతో పాటు పొలం గట్టు తగాదా, పాస్‌పుస్తకంలో తప్పు, తండ్రి పింఛను కాగితాలు కూడా ఎదురుచూస్తుంటాయి. పండగకు ఆఫీసులూ మూతపడతాయి. అవి మళ్లీ తెరిచేసరికి అతను రైలెక్కే రోజు వస్తుంది.

ఈ ఇబ్బందిని చట్టం ఎప్పుడో గుర్తించింది. ప్రత్యేక పరిస్థితుల్లో, యుద్ధ పరిస్థితుల్లో పనిచేస్తున్న సైనికులకు సివిల్, రెవెన్యూ వ్యాజ్యాల్లో రక్షణ కల్పించేందుకే 1925లో భారత సైనికుల వ్యాజ్యాల చట్టం వచ్చింది. 2025లో జాతీయ న్యాయ సేవల సంస్థ ‘వీర్ పరివార్ సహాయతా యోజన’ను ప్రారంభించింది. సైనిక బోర్డుల్లోనే న్యాయ సహాయ కేంద్రాలు పెట్టడం దాని ఉద్దేశం. అంటే ఏర్పాట్లు లేక కాదు, అవి ఆ ఇంటి గడప దాకా చేరకపోవడమే లోటు.

‘రైతులు, కూలీలు కూడా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు కదా, సైనికుడికే ప్రత్యేకత ఎందుకు?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ రైతు ఈ సోమవారం కాకపోతే వచ్చే సోమవారం ప్రజావాణికి వెళ్లగలడు. జవాను మళ్లీ వచ్చేది ఎన్ని నెలలకో. పైగా రాజ్యాంగంలోని 33వ అధికరణ కింద సాయుధ బలగాల ప్రాథమిక హక్కులను పార్లమెంటు పరిమితం చేయగలదు. సైనికుడు సంఘం పెట్టుకోలేడు, ధర్నా చేయలేడు. అడిగే అవకాశం తక్కువగా ఉన్నవారి దగ్గరికి పాలనే వెళ్లాలి. ఇది సమానత్వానికి విరుద్ధం కాదు.

ఏం చేయవచ్చు? దసరాకు, సంక్రాంతికి ముందు ప్రతి జిల్లాలో సైనిక కుటుంబాల కోసం ఒక రోజు కేటాయించాలి. ఆ రోజు తహసీల్దారు, సర్వేయరు, బ్యాంకు ప్రతినిధి, జిల్లా సైనిక సంక్షేమ అధికారి ఒకే చోట కూర్చోవాలి. జవాను లేకపోయినా భార్యో, తల్లిదండ్రులో ఇచ్చిన దరఖాస్తు తీసుకోవాలి. సంతకం తప్పనిసరైన పనులకు అతని సెలవు తేదీలకు తగ్గట్టు గడువు ఇవ్వాలి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి బలగాలు రక్షణ శాఖ కిందకు కాదు, హోం శాఖ కిందకు వస్తాయి. ఆ తేడా చూపించి వారి కుటుంబాలను వెనక్కి పంపకూడదు. పండగ పూట ఎదురుచూపు ఏ ఇంట్లోనైనా ఒకటే.

1949 నుంచి డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుపుకుంటున్నాం. యుద్ధ బాధితుల పునరావాసం, సేవలో ఉన్నవారి, వారి కుటుంబాల సంక్షేమం, మాజీ సైనికుల సంక్షేమం దాని లక్ష్యాలు. ఆ రోజు జెండా పెట్టుకుని విరాళం ఇవ్వండి. అది దీపావళికి, సంక్రాంతికి మధ్య వస్తుంది కాబట్టి అంతకుముందు వచ్చిన దరఖాస్తుల్లో ఎన్ని పరిష్కారమయ్యాయో సమీక్షించడానికి కూడా అదే సరైన రోజు.

జీఎస్-4లో సహానుభూతి గురించి ప్రశ్న వస్తే సైనికుడి త్యాగాన్ని పొగుడుతూ పేజీ నింపకండి. అతని సెలవులో రెండు రోజులు ఎలా మిగల్చవచ్చో రాయండి. రేపు కలెక్టరుగా జిల్లా సైనిక బోర్డు సమావేశంలో కూర్చునేది మీరే కావచ్చు. అప్పుడు ఆ జవాబు అమలు చేయడం మీ చేతిలోనే ఉంటుంది.