గూగులు వారి తెలుగు, మన ఇంటి తెలుగు

ఈ శీర్షికలో ఇంతవరకు బియ్యం ధరలగురించీ, అద్దె ఇళ్ళగురించీ, పిల్లల పరీక్షలగురించీ ముచ్చటిస్తూ వచ్చాము. ఈ నెల కొంచెం పెద్దవారి జోలికి పోదలచాము. ఆ పెద్దవారు గూగులు కంపెనీవారు. వారు మన భాషలో పెట్టిన కొత్త సేవలను కొన్నాళ్ళుగా ఆఫీసులోనూ ఇంట్లోనూ వాడుతున్నాము. వాడినంతలో తోచిన మంచిచెడ్డలు నలుగురితో చెప్పుకోవాలనిపించింది. మేము ఇంజనీర్లము కాము. చెన్నపట్నం హార్బరు దగ్గర ఒక సరుకుల ఆఫీసులో గుమాస్తాగిరీ చేసుకునేవారము. వస్తువును తయారుచేసేవాడికి తెలిసే సంగతులు వేరు, వాడేవాడికి తెలిసేవి వేరు. మాకు తెలిసినవి రెండో రకం.

ఈ కంపెనీ పుట్టింది 1998లో. 2004 ఏప్రిల్ 1వ తేదీన వారు ఉచితంగా ఉత్తరాలపెట్టె ఇస్తామనీ, అందులో ఒక గిగాబైటు జాగా వుంటుందనీ ప్రకటిస్తే, తేదీ చూసి చాలామంది వేళాకోళమనుకున్నారు. వేళాకోళం కాదు, అదే జీమెయిలు. ఆ ఇంట మన తెలుగు కాస్త ఆలస్యంగానే అడుగుపెట్టింది. 2011 జూన్‌లో తమిళం, కన్నడం, బెంగాలీ, గుజరాతీలతోపాటు తెలుగునూ వారి అనువాదయంత్రంలో చేర్చారు. అప్పట్లో ఆ యంత్రం వాక్యాన్ని ముక్కలు చేసి, ముక్కకు ముక్క అతికేది. 2017లో వాక్యాన్ని మొత్తంగా చూసి తర్జుమా చేసే పద్ధతి తెలుగుకు కూడా వచ్చింది. అదే ఏడు ఆగస్టులో మనం మాట్లాడితే ఫోను తెలుగు అక్షరాలలో రాసిపెట్టే సౌకర్యం వచ్చింది. ఇక 2024 జూన్‌లో, అడిగినదానికి జవాబు చెప్పే జెమిని అనే సేవ మన దేశంలో ఇంగ్లీషుతోపాటు తొమ్మిది దేశభాషలలో ఫోనులోకి దిగింది. ఆ తొమ్మిదింటిలో మనదీ ఒకటి.

ఇవన్నీ విజయవాడవారికీ హైదరాబాదువారికీ సౌకర్యాలు. మనవంటి ప్రవాసులకు అంతకంటె ఎక్కువ. ఎందుకంటారా? తమిళనాట 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున, తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవలసిందే; మా పిల్లలు తమిళంలో మంచి మార్కులు తెచ్చుకుంటే మాకు సంతోషమే. అయితే దాని వెంటనే మరొకటి జరిగింది. మన ఇళ్ళలో చాలామంది పిల్లలకు తెలుగు నోటికి వచ్చును గాని కంటికి రాదు. మాట్లాడతారు, పోట్లాడతారు, ఆటపట్టిస్తారు. పెళ్ళి శుభలేఖ చేతికిస్తే మాత్రం తలక్రిందులుగా పట్టుకుంటారు.

అటువంటి పిల్లల చేతికి ఈ సేవలు వచ్చిన తరువాత తమాషా చూడండి. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి తెలుగు ఒత్తులు రావు. నెల్లూరునుంచి మా పెద్దత్తగారు తెలుగులో కబురు పంపితే ఫోనుచేత చదివించుకుని వింటుంది. జవాబు నోటితో చెబుతుంది; ఫోను రాసిపెడుతుంది. శుభలేఖను కెమెరాకు చూపితే అందులోని అక్షరాలు ఎత్తి తమిళంలో చెబుతుంది. “ఏమిరా అబ్బాయ్, మీ అమ్మాయి తెలుగు చక్కగా రాస్తున్నదే!” అని అత్తగారు ఫోను చేసి మెచ్చుకున్నారు. మా ఇంట్లో వారు ముసిముసిగా నవ్వుకున్నారు. తెగిపోవలసిన చుట్టరికపు ఉత్తరాలు మళ్ళీ నడుస్తున్నాయి. ఈ మేలును మేము తక్కువ చెయ్యము.

మా ఆఫీసులో కూడా ఇంతే. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం రేవునుంచి తెలుగు కాగితం వస్తే ఇదివరకు మా బల్ల దగ్గరకు పరుగెత్తుకు వచ్చేవారు. ఇప్పుడెవరికి వారే ఫోను పట్టి చూసుకుంటున్నారు. మా గొప్ప కొంచెం తగ్గిన మాట నిజమే గాని, పని తొందరగా తెములుతున్నది.

అయితే ఈ యంత్రానికి తెలుగు ఎవరు నేర్పారు? పంతులెవరూ లేరు. అచ్చులోనూ వెబ్బులోనూ దొరికిన రాతలన్నిటినీ గుట్టగా పోసి, ఏ మాట పక్కన ఏ మాట వస్తున్నదో, ఈ భాషలో ఇట్లా వున్న వాక్యం ఆ భాషలో ఎట్లా వున్నదో కోట్లసార్లు చూపించి దారి పట్టిస్తారు. పలుకు వినే యంత్రానికైతే మనుషుల గొంతుల రికార్డులూ, వాటి పక్కన రాతా కావాలి. అంటే, ఎంత ఎక్కువగా రాసినది వుంటే అంత బాగా వస్తుంది. రాసినది లేకపోతే లేదు. యంత్రానికి పక్షపాతం లేదు సుమా! పెట్టినదే తింటుంది.

మరి మన తెలుగు ఎక్కడ రాసి వున్నది?

2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాష అని చెప్పుకున్నవారు దేశం మొత్తంమీద 8 కోట్ల 11 లక్షలు. అందులో తమిళనాటివారు 42 లక్షల పైచిలుకు. చిన్న సంఖ్య కాదు. కాని ఈ 42 లక్షలలో పత్రికలు నడిపినవారు, పుస్తకాలు రాసినవారు, రాసినప్పుడు పుస్తకాల తెలుగే రాశారు. మేము మాత్రం ఇప్పుడు రాస్తున్నదేమిటి? అదే. మా అమ్మ కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి ఊళ్ళో పుట్టింది. ఆమె నోటి తెలుగు ఏ కాగితంమీదా లేదు.

ఉదాహరణకు ‘అవసరం’ అన్న మాట తీసుకోండి. తెలుగుదేశంలో అవసరమంటే కావలసి రావడం. తమిళంలో అవసరమంటే తొందర. మనమేమో తెలుగు మాట్లాడుతూనే ఆ మాటను తమిళపు అర్థంతో వాడతాము. ఒకసారి విజయవాడలో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు మా అమ్మ, “అవసరంగా బయలుదేరినామప్పా, చేతికేమీ తేలేదు” అన్నది. ఆ ఇంటాయన మర్యాదస్థుడు. మా అమ్మను కూర్చోబెట్టి, మమ్మల్ని పక్కకు పిలిచి, “ఎంత అవసరం పడిందండీ? మొగమాటపడకండి” అని పర్సు తీశాడు. విజయవాడ మనిషే అట్లా అనుకున్నప్పుడు, విజయవాడ పుస్తకాలు చదువుకున్న యంత్రం మరోలా అనుకుంటుందా?

ఇంతవరకు నవ్వుకోవచ్చును. తరువాతి సంగతికి మాకు నవ్వు రాలేదు. మొన్న మా అమ్మాయి వాళ్ళ అవ్వకు ఫోనులో మాట్లాడడం నేర్పుతున్నది. అవ్వ, “రొంత సేపు తాళు, మాపటికి యాడికి పోవాల్నో అడిగి చెప్తా” అన్నది. ఫోను ఏదో రాసింది. పిల్ల చూసి, “అట్లా కాదవ్వా. ‘కొంచెం సేపు’ అను. ‘సాయంత్రం’ అను. ‘ఎక్కడికి’ అను. అప్పుడే సరిగ్గా రాసుకుంటుంది” అన్నది. అవ్వ రెండుసార్లు ప్రయత్నం చేసింది. మూడోసారి ఫోను పిల్ల చేతికిచ్చి, “నా మాట దానికి పనికిరాదంట. నువ్వే చెప్పమ్మా” అని లేచి వెళ్ళింది.

డెబ్బైనాలుగేళ్ళ మనిషి. తమిళ అంగడివాళ్ళతో తమిళంలోనూ, మాతో తెలుగులోనూ జీవితమంతా దబాయించి మాట్లాడిన మనిషి. ఆమె నోటినుంచి ‘నా మాట పనికిరాదు’ అన్న మాట మేము వినడం అదే మొదలు. పిల్ల చెప్పినదాంట్లో తప్పు లేదు. ఫోను తెలిసినంతవరకే రాసింది. ఎవరిని తిట్టడానికీ లేదు. కాని పది ఇళ్ళలో పదిమంది అవ్వలు ఇట్లాగే ఫోను తిరిగి ఇచ్చేస్తే, పదేళ్ళకు ‘మాపు’ అనే మాట మన ఇళ్ళలో ఎవరి నోట వుంటుంది?

కంపెనీవారే వచ్చి నేర్చుకుంటారని కూర్చుంటే కాదు. 2024 జూన్‌లో వారు తమ అనువాదయంత్రంలో ఒక్కసారిగా 110 భాషలు చేర్చారు. అందులో తుళు కూడా వున్నది; మంగుళూరు స్నేహితులు మిఠాయి పంచుకోవలసిన సంగతే. ఆ సందర్భంలోనే వారు ఒక మాట దాచకుండా చెప్పారు: ఒక్కొక్క భాషలో ఎన్నో రూపాలు వుంటాయి గనుక, ఎక్కువమంది వాడే రూపానికి ముందు చోటిస్తున్నామని. వ్యాపారస్థులు; న్యాయమే. ఆ లెక్కన మన వంతు ఎప్పటికి వచ్చేను?

మనవాడే ఒకాయన ఈ పనికి దారి చూపి వెళ్ళాడు. కి. రాజనారాయణన్‌గారి పేరు మీరు వినే వుంటారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైశెవల్ ఊరు. ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. ఏడో తరగతితో చదువు మానినవారు. 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్నారు. 2021లో కాలం చేశారు. ఆయన చేసిన పనులలో మాకు అన్నిటికంటె పెద్దగా కనిపించేది, తమ నల్లరేగడి సీమ జనం నోట వున్న తమిళపు మాటలను ఏరి నిఘంటువు వెయ్యడం. పండితులు పల్లెమాటలని పక్కన పెట్టినవాటిని ఆయన అచ్చులోకి ఎక్కించారు. అదే సీమలో మన ఇళ్ళ తెలుగుకు అటువంటి పుస్తకం వెయ్యడానికి ఎవరో మహానుభావుడు పుట్టాలా? మనకు ఇంటింటా ఫోను వున్నది గదా!

గూగులువారి సేవనే ఇందుకు వాడుకోవచ్చును. అవ్వ మాట్లాడుతుంటే ఫోనులో రికార్డు చెయ్యండి. రాత తప్పువస్తే వేలితో సరిదిద్దండి, అవ్వను సరిదిద్దకండి. ఇంతే కిటుకు.

దాచే విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. వారి ఇంట్లో దాచినది మన ఇంట్లో దాచినట్లు కాదు. 2004లో తెరచిన ఆర్కుట్‌ను 2014 సెప్టెంబరు 30న మూసివేశారు. ఫొటోలు ఎన్నైనా ఉచితంగా దాచుకొమ్మన్న ఏర్పాటు 2021 జూన్ 1తో ఆగింది. ఇప్పుడు ఉత్తరాలు, కాగితాలు, ఫొటోలు అన్నిటికీ కలిపి 15 గిగాబైట్లే ఉచితం. రెండేళ్ళపాటు ఎవరూ తెరవని సొంత ఖాతాలను తొలగించవచ్చునని 2023లో నియమం పెట్టి, ఆ డిసెంబరునుంచి అమలు మొదలుపెట్టారు. ఇవన్నీ వారు ముందుగా చెప్పి చేసినవే. మా పినతండ్రి కొడుకు పెళ్ళి ఫొటోలు వేరొక చిన్న కంపెనీలో దాచుకున్నాడు, పేరెందుకు లెండి. వాళ్ళు చెప్పాపెట్టకుండా తలుపులు మూశారు. ఇప్పుడు ఆ పెళ్ళికి సాక్ష్యం పెళ్ళాం ఒక్కతే.

కాబట్టి రికార్డు చేసినదానికి ఇంట్లో ఒక నకలు వుంచండి. రాసినదాన్ని కాగితంమీదికి ఎక్కించండి. పెద్దవారి ఖాతా వుంటే, ఇన్ని నెలలు తెరవకపోతే ఫలానావారికి తెలపండి అని ముందే రాసిపెట్టే ఏర్పాటు గూగులులో 2013నుంచీ వున్నది. మూడు నెలలనుంచి పద్ధెనిమిది నెలలదాకా గడువు పెట్టుకోవచ్చును. పదిమందిదాకా పేర్లు ఇవ్వవచ్చును. పావుగంట పని. పండుగ సెలవులో కూర్చుని చెయ్యండి.

ఈ మాట సంపాదకులవారితో చెబితే, వచ్చే నెలనుంచి ఈ పుటకు అడుగున జాగా ఇస్తామన్నారు. ఒక్కొక్క ఇంటినుంచి పది మాటలు పంపండి. ఏ ఊరిలో ఆ మాట అంటారో, దానితో ఒక వాక్యం, చెప్పినవారి వయస్సు, ఇంతే చాలును. హోసూరువారు, మదురైవారు, కోయంబత్తూరువారు, సేలంవారు ఎవరి మాట వారు పంపండి. చెప్పడం పెద్దవాళ్ళ వంతు, ఫోనులో ఎక్కించడం పిల్లల వంతు. మధ్యవయస్సువాళ్ళం, నాలుగు తెలుగు పుస్తకాలు చదివినవాళ్ళం, దిద్దకుండా వుంటే అదే మన వంతు సహాయం.

మొదటి పది మాటలు మా ఇంటినుంచి ఇస్తున్నాము. రాత్రి భోజనాల తరువాత మా అమ్మాయి కాగితం, పెన్సిలు తీసుకుని అవ్వ దగ్గర కూర్చున్నది. తెలుగు అక్షరాలు రావు గనుక తమిళ లిపిలోనే రాసుకున్నది. ఫరవాలేదు, అచ్చువేసేటప్పుడు మేము మారుస్తాము. పది అడిగితే అవ్వ ముప్పైయారు చెప్పింది. చివరికి పిల్ల ఆవులిస్తుంటే, “రొంత తాళవే, ఇంకా వుండాయి” అని కసురుకున్నది.