ఎవరికి ఇల్లన్నది లాటరీ తేల్చవచ్చు, ఏ ఇల్లన్నది తేల్చరాదు

మదీనాగూడలో మా వీధిలో నాలుగిళ్లలో పనిచేసే ఒకామెకు ఆ మధ్య నగర శివారులో ప్రభుత్వ డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది. అందరికీ మిఠాయి పంచింది. ఆరు నెలలు గడిచినా అక్కడికి మారలేదు. ఎందుకమ్మా అని అడిగితే, "మా అత్తమ్మ మోకాళ్లు పోయినయ్ డాక్టర్ సాబ్. మూడో అంతస్తు ఇచ్చిన్రు, లిఫ్టు లేదు. ఒక్కపారి ఎక్కిస్తే మళ్ల దింపలేం" అన్నది.

రోగి వయసు, బరువు, ఇతర జబ్బులు అడగకుండా అందరికీ ఒకే మందును ఒకే మోతాదులో రాసే వైద్యుణ్ణి మీరు నమ్ముతారా? ఇళ్ల కేటాయింపులో మనం చేస్తున్నది దాదాపు అదే.

పథకాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2015లో మొదలైన ఈ పథకం కింద పేద కుటుంబానికి 560 చదరపు అడుగుల్లో రెండు పడకగదులు, హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లు ఉచితంగా దక్కాయి. 2023 జూన్ 22న ప్రారంభమైన కొల్లూరు సముదాయంలోనే 15,660 ఇళ్లున్నాయి. ఒంటిగది అద్దె కొంపల్లో బతికినవారికి ఇది చిన్న విషయం కాదు. దరఖాస్తుదారులు అధికం, ఇళ్లు పరిమితం కనుక లబ్ధిదారులను లాటరీ ద్వారా ఎంపిక చేశారు. సిఫారసులకు తావులేని పద్ధతిగా దానిని నేను సమర్థిస్తాను.

అయితే ఒంటరి వితంతువుకూ 560 అడుగులే, ఏడుగురున్న ఉమ్మడి కుటుంబానికీ 560 అడుగులే. ఆ ఏడుగురిలో తలకు వచ్చేది 80 చదరపు అడుగులు. వంటగది, గోడలు, మరుగుదొడ్లు కూడా అందులోనివే.

ఇరుకు అసౌకర్యంతో ఆగదు, అది వ్యాధికారకం. దగ్గుతున్న క్షయరోగి పక్కనే మనవడు పడుకుంటే ఆ గాలే వాడికీ అందుతుంది. ఒకే పరుపు మీద నలుగురు పడుకునే ఇంట్లో ఒకరి గజ్జికి మందు రాస్తే నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన గృహ, ఆరోగ్య మార్గదర్శకాల్లో ఇంటి ఇరుకును నివారించాలన్న సిఫారసు ఉన్నది. ఇక మెట్లెక్కలేని వృద్ధులకు పై అంతస్తు గృహనిర్బంధమే. నడక తగ్గుతుంది, కండరాలు క్షీణిస్తాయి, మధుమేహం అదుపు తప్పుతుంది, ఒంటరితనం కుంగదీస్తుంది. వారానికి మూడుమార్లు డయాలసిస్‌కు పోవలసిన మనిషికి ఆసుపత్రి ఎంత దూరమన్నది ప్రాణావసరమైన ప్రశ్న.

ఇతర దేశాలు ఈ లెక్కను ఎలా కట్టాయో చూడండి. బ్రిటన్‌లో 1985 నాటి గృహ చట్టం ప్రకారం, దంపతులు కాని, పదేళ్లు నిండిన స్త్రీపురుషులు ఒకే గదిలో పడుకోవలసి వస్తే ఆ ఇల్లు ఇరుకైనదే. స్థలాన్ని లెక్కించేటప్పుడు ఏడాది నుంచి పదేళ్లలోపు పిల్లలను సగం మనిషిగా గణిస్తారు. అదే బ్రిటన్ 2013లో ఈ కొలతను శిక్షగానూ మార్చింది. ప్రభుత్వ అద్దె ఇళ్లలో ఒక గది అదనంగా ఉన్నవారి అద్దె సాయంలో 14 శాతం, రెండు గదులుంటే 25 శాతం కోత విధించింది. చిన్న ఇళ్లు దొరకక ఎందరో అవస్థపడ్డారు. కనుక కొలత అవసరాన్ని గుర్తించడానికే తప్ప ఉన్నదాన్ని లాక్కోవడానికి కారాదు.

ఇలా విచారణలు మొదలుపెడితే దళారులు చొరబడతారని కొందరంటారు. ఆ భయం సహేతుకమే. అందుకే నేను కోరేది అధికారి విచక్షణ కాదు, కాగితం మీద తేలే మూడు ప్రశ్నలు. ఇంట్లో ఎందరు పడుకుంటారు? రేషన్ కార్డు చెబుతుంది. మెట్లెక్కలేనివారున్నారా? వైకల్య ధ్రువపత్రం, వయసు చెబుతాయి. పని, వైద్యం ఎక్కడ? చిరునామా, ఆసుపత్రి కాగితాలు చెబుతాయి. ఈ సమాధానాలను బట్టి ఇళ్లను వర్గాలుగా విడదీసి, ఒక్కొక్క వర్గంలో లాటరీ తీయవచ్చు. నిష్పాక్షికతా నిలుస్తుంది, అవసరమూ తీరుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గృహ పథకాల్లో 5 శాతం రిజర్వేషన్ కల్పించింది. అది ఇల్లు వచ్చేలా చూస్తుంది. ఆ ఇల్లు ఏ అంతస్తులో ఉండాలన్నదీ అంతే ముఖ్యం. అలాగే అమ్మడానికి, అద్దెకివ్వడానికి వీల్లేని ఈ ఇళ్లను లబ్ధిదారులు అధికారికంగా పరస్పరం మార్చుకునే వీలుండాలి. కింది అంతస్తు యువజంట, పై అంతస్తు వృద్ధురాలు ఇళ్లు మార్చుకుంటే ప్రభుత్వానికి ఒక్క ఇటుక ఖర్చు కాదు.

మీ ఇంట్లోనో, మీ ఇంట పనిచేసేవారి ఇంట్లోనో ఎవరైనా దరఖాస్తు చేస్తుంటే ఒక సాయం చేయండి. నడవలేనివారికి ముందుగానే వైకల్య ధ్రువపత్రం తీయించండి. దీర్ఘవ్యాధుల కాగితాలు జతపరచి, కింది అంతస్తు కావాలని రాతపూర్వకంగా కోరమనండి, రసీదు తీసుకోమనండి.

మా వీధి ఆమె తాళంచెవి ఇప్పటికీ కొంగున కట్టుకునే తిరుగుతున్నది. అత్తగారు మాత్రం పాత రేకుల ఇంటి గడప దగ్గరే కూర్చుని ఉన్నది.