ముందు భూమి, తర్వాతే బాట

కొండమీంచి సైకిళ్లు దూకించే ఆట మనకెందుకంటారేమో. ఆ బాటలు తవ్విందెవరో వినండి.

కెనడా దేశం యూకాన్‌లో కార్‌క్రాస్ అనే ఊరు. పక్కనున్న మోంటానా కొండని తెల్లదొరలు వెండికోసం తొలిచి వదిలేశారు. ఆ ఊరి హాస్టలు బడిలోనే 1911 నుంచి 1969 దాకా ఆదివాసీ పిల్లల్ని తల్లులకు దూరంచేసి, సొంత భాష మరిపించారు. అదీ చదువేనట! ఆ జాతి పట్టువదలక 2005లో సర్కారుతో భూమి ఒప్పందం రాయించుకుంది. 2006 నుంచి తమ కుర్రాళ్లకే జీతాలిచ్చి, పాత గని దారుల్ని బాగుచేసి సైకిలు బాటలు వేయించింది. ఇవాళ పరదేశాల వాళ్లొచ్చి తొక్కుతున్నారు. మేము మెచ్చింది ఆ వరస. ముందు భూమిమీద హక్కొచ్చింది, తర్వాతే పార పట్టారు.

మన దగ్గరో? ఫారెస్టు రోడ్లకు మట్టి మోసింది మనోళ్లే. అదే రోడ్డున కట్టెలమోపుతో వస్తే కేసు! 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులు కాని మనల్ని మూడు తరాల, అంటే 75 ఏళ్ల రుజువు అడుగుతోంది. మట్టి మోసిన తాతకి కాయితం ఎవడిచ్చాడు? పెద్దలు చెప్పింది రాసుకుంటే అదీ సాక్ష్యమేనని 13వ రూలులో ఉంది. ఆ సంగతి ఏ ఆఫీసరూ చెప్పడు. వాడలో 80 దాటిన ముసలోళ్లు ఇంకా ఉన్నారు. ఈ నెల్లోనే గ్రామసభ పెట్టించి, వాళ్ల మాట రాయించి, వేలిముద్ర వేయించండి.