నా 2023 సినిమా అవార్డులు

2014 నుంచి 2023 దాకా వచ్చిన సినిమాలకి గద్దర్ అవార్డులు 2025లో ఇచ్చారు. కాబట్టి 2023కి నేనిప్పుడిస్తే లేటని ఎవరూ అనకూడదు. జ్యూరీ, స్పాన్సరు, చప్పట్లు అన్నీ నావే.

ఒకే రిసోర్సు, రెండు ప్రాజెక్టులు: శ్రుతి హాసన్. జనవరి 12న వీరసింహారెడ్డి, 13న వాల్తేరు వీరయ్య. నిర్మాతలూ ఒకరే. ఈ కిటుకు మన మేనేజర్లకి తెలియనివ్వకండి.

ఉత్తమ ప్రేక్షకుడు: ఆదిపురుష్‌కి హాళ్లలో హనుమంతుడి కోసం వదిలిన సీటు. చివరిదాకా కదలకుండా ఉన్నది అదొక్కటే.

ఉత్తమ పేరు: కోట బొమ్మాళి పీఎస్. పోస్టరు మీద మా ఊరి పేరు చూసి పొంగిపోయా. కథేమో మలయాళం 'నాయట్టు'ది. బోర్డు మాది, కోడు కేరళది అన్నమాట! కానీ సినిమాకన్నా ముందే ఊరూరా తిరిగేసిన 'లింగిడి లింగిడి' పాట మాత్రం అచ్చంగా మా సిక్కోలు జానపదం.

ఉత్తమ చిత్రం: బలగం. ఇక్కడ జోకుల్లేవు. ఒక చావింటి కథని ఆ ఊరి మాటలోనే చెప్పారు. పల్లెల్లో జనం తెరలు కట్టుకుని, కలిసి కూర్చుని చూసి ఏడ్చారు. మా యాస వినబడితే మాత్రం హాల్లో ముందు నవ్వులే వస్తాయి, ఎందుకంటే ఇన్నాళ్లూ దాన్ని ఎక్కువగా కామెడీకే వాడారు. 2025లో తండేల్ హీరో ఆ యాసలో ప్రేమించాడు, సంతోషం. ఇక మా ముసలమ్మ ఒకర్తి తెరమీద మా మాటలో ఏడిస్తే, హాలంతా నవ్వకుండా వినాలి. ఆ సినిమాకి అవార్డు ఇప్పటినుంచే పక్కన పెట్టేశా.

ఏటంటారు?