కొత్త విమానానికి పిట్టగోడ

భీమిలి దాటి ఉత్తరానికి వెళితే భోగాపురం వస్తుంది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన అంతర్జాతీయ విమానాశ్రయం అక్కడిదే. మొదటి దశలోనే ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులకు సరిపోయేలా దానికి రూపకల్పన చేశారు. ఇన్నేళ్లుగా ఉత్తరాంధ్ర ప్రయాణికులకు దిక్కు విశాఖలో నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగా రన్‌వే ఒక్కటే. గల్ఫ్‌కు పనికి పోయేవారు, ఓడల్లో ఉద్యోగాలకు పోయే కుర్రాళ్లు, వైద్యం కోసం హైదరాబాదుకు, చెన్నైకి పరుగెత్తే కుటుంబాలు ఇప్పుడు మన సంఘాలన్నిటిలో ఉన్నారు. కాబట్టి మన మీదుగా ఎగిరేది ఏ విమానం అన్నది డబ్బున్నవారి కబురు కాదు, మన ఇంటి కబురే.

మధ్యలో ఒకే నడవ, అటూ ఇటూ మూడేసి సీట్లు ఉండే విమానాలనే మనం ఎక్కువగా ఎక్కుతాం. ఆ తరహాలో ప్రపంచమంతా వాదానికి గురైనది బోయింగ్ 737 మాక్స్. 2022 ఆగస్టులో ఆకాశ ఎయిర్ ఈ విమానాలతోనే సేవలు మొదలుపెట్టింది. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా ప్రకటించిన 470 విమానాల కొనుగోలులో 190 మాక్స్ రకానివి. అదే ఏడాది అక్టోబరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ తన కొత్త రంగులను మాక్స్ 8 మీదే ప్రదర్శించింది. మొదట వేరే దేశాల సంస్థల కోసం తయారై, అమ్ముడుపోక నిలిచిపోయిన మాక్స్ విమానాలు కూడా ఆ సంస్థ చేతికి వచ్చాయి. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విశాఖ నుంచి కూడా నడుస్తోంది. టిక్కెట్టు కొన్నవారిలో ఎంతమందికి ఈ విమానం చరిత్ర తెలుసు?

ఆ చరిత్ర క్లుప్తంగా ఇది. 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ మాక్స్ సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. ఐదు నెలలు నిండకుండానే, 2019 మార్చి 10న, ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ మాక్స్ ఆడిస్ అబాబాలో లేచిన ఆరు నిమిషాలకే నేలకూలింది. అందులో 157 మంది పోయారు. వారిలో నలుగురు భారతీయులు, ఆ నలుగురిలో మన తెలుగు బిడ్డ ఒకరు. ఆ తర్వాత ప్రపంచమంతటా ఈ విమానాలను నేల మీద నిలిపేశారు. మన దేశంలో ఆ నిషేధం 2021 ఆగస్టు 26 వరకు సాగింది.

ఎందుకు కూలాయి? 737 నమూనా 1960ల నాటిది. 2010 చివర్లో ఎయిర్‌బస్ ఇంధనం బాగా ఆదా చేసే ఎ320 నియో ప్రకటించింది. పోటీలో వెనుకబడతామని బోయింగ్ మరుసటి ఏడాదే పాత 737కు కొత్త, పెద్ద ఇంజిన్లు తగిలించే పని మొదలుపెట్టింది. విమానం నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ ఇంజిన్లను కాస్త ముందుకు, పైకి జరపవలసి వచ్చింది. దాంతో కొన్ని పరిస్థితుల్లో విమానం ముక్కు పైకి లేచే లక్షణం ఏర్పడింది. దాన్ని సరిచేయడానికి ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. ముక్కు మరీ పైకి లేచిందని సెన్సరు చెబితే ఎంకాస్ దానంతట అదే ముక్కును కిందికి వంచుతుంది. విమానానికి అలాంటి సెన్సర్లు రెండున్నా, ఎంకాస్ ఒకసారికి ఒక్కదాని మాటే వినేది. ఆ ఒక్కటి తప్పు చెబితే విమానాన్ని పదే పదే నేలవైపు నెట్టేది. రెండు ప్రమాదాల్లోనూ జరిగింది అదే.

యంత్రానికి లోపం ఉండటం కొత్త కాదు. ఇక్కడ మనసును కలచేది ఆ లోపాన్ని కప్పిపుచ్చిన తీరు. మొదటి ప్రమాదం జరిగేవరకు పైలట్ల మాన్యువల్లో ఎంకాస్ వివరణే లేదు. చెబితే శిక్షణ ఇవ్వాలి, శిక్షణ అంటే ఖర్చు. పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ అవసరమైతే ఒక్కో విమానానికి 10 లక్షల డాలర్లు తగ్గిస్తామని బోయింగ్ అమెరికాలోని సౌత్‌వెస్ట్ సంస్థకు మాట ఇచ్చిన సంగతి అక్కడి చట్టసభ విచారణలో బయటపడింది. తమ ఉద్యోగులు ఇద్దరు విమానయాన నియంత్రణ సంస్థను మోసగించారని 2021 జనవరిలో బోయింగ్ ఒప్పుకుని, 250 కోట్ల డాలర్లకు పైగా చెల్లించే ఒప్పందం చేసుకుంది. 346 ప్రాణాలు పోయాయి. పై స్థాయి అధికారి ఒక్కరు కూడా జైలుకు వెళ్లలేదు.

హెచ్చరించినవారు లేకపోలేదు. రెంటన్ ఫ్యాక్టరీలో సీనియర్ మేనేజర్‌గా ఉన్న ఎడ్ పియర్సన్, పనివారు అలసిపోతున్నారని, గడువు ఒత్తిడిలో పని నాణ్యత దెబ్బతింటోందని, తయారీని కొంతకాలం ఆపమని 2018 జూన్‌లోనే పై అధికారికి రాశారు. ఆపలేదు. ఆయన రాసింది ఎంకాస్ గురించి కాదు. అయినా ఒక హెచ్చరికకు చెవి మూసుకున్న సంస్థ ఇంకొకదానికి మాత్రం ఎలా తెరుస్తుంది? 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ మాక్స్ 9 గాలిలో ఉండగా తలుపు స్థానంలో అమర్చిన ప్యానెల్ ఊడిపోయింది. దాన్ని పట్టి ఉంచవలసిన నాలుగు బోల్టులు ఫ్యాక్టరీలోనే బిగించలేదని దర్యాప్తులో తేలింది.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదివినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు. ప్రయాణం ప్రమాదకరమని పౌలు ముందే చెప్పాడు. శతాధిపతి మాత్రం ఓడ నడిపేవాని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మాడు. యజమానికి సరుకు ఉంది, గడువు ఉంది. పౌలుకు ఓడలో వాటా లేదు, ఉన్నది ప్రాణభయం లేని నిజాయితీ మాత్రమే. తుపానులో పౌలు దేవుణ్ణి నమ్మాడు, అదే సమయంలో నావికులు ఓడ దిగిపోతే ఎవరూ బ్రతకరని సైనికులకు గట్టిగా చెప్పాడు. ప్రార్థన చేసేవాడు భద్రత గురించి మాట్లాడకూడదన్న నియమం అక్కడ లేదు.

ఈ పాఠం విశాఖకు విడిగా చెప్పనక్కరలేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది, 12 మంది చనిపోయారు. యాజమాన్యం నిర్లక్ష్యాన్ని, మోగని సైరన్‌ను ప్రభుత్వం నియమించిన కమిటీ ఎత్తిచూపింది. అదే ఏడాది ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది పోయారు. అలాంటి ప్రతిసారీ మనలో కొందరు దేవుని చిత్తం అని సరిపెట్టుకుంటారు. మోగని సైరన్, బిగించని బోల్టు, మాన్యువల్లో రాయని పేరా దేవుని చిత్తం కావు. మనుషుల పని. దానికి మనుషులే లెక్క చెప్పాలి.

న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. మాక్స్ నేటికీ 2019 నాటి విమానం కాదు. ఇప్పుడు ఎంకాస్ రెండు సెన్సర్లనూ పోల్చి చూస్తుంది, ఒక సందర్భానికి ఒక్కసారే పనిచేస్తుంది, పైలట్ చేతిని మించి లాగదు. సిమ్యులేటర్ శిక్షణ తప్పనిసరి అయింది. తిరిగి ఎగరడం మొదలయ్యాక ఆ లోపం వల్ల మరో విమానం కూలలేదు. 2025 జూన్ 12న అహ్మదాబాదులో కూలి 260 మందిని బలిగొన్నది బోయింగ్ 787. అది వేరే రకం విమానం, ఆ దుఃఖాన్ని మాక్స్ ఖాతాలో వేయడం సరికాదు. అందుచేత మాక్స్ ఎక్కవద్దని మేము చెప్పడం లేదు. భయపెట్టడం మా ఉద్దేశం కాదు.

మేము అడిగేది వేరు. పడవకు చిల్లి ఉంటే భీమిలి తీరంలో వేటకు వెళ్లే మత్స్యకారుడే మునుగుతాడు, కాబట్టి ఎవరూ చెప్పకపోయినా ముందు అతనే చూసుకుంటాడు. విమానం సంగతి అలా కాదు. ఖర్చు తగ్గించాలని నిర్ణయించినవారు ఒకచోట, సీటు బెల్టు కట్టుకున్నవారు ఇంకొకచోట ఉంటారు. ఆ దూరాన్ని పూడ్చడానికే తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ కావాలి. మన దేశంలో ఆ పని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏది. అందులో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని 2025 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం చెప్పింది. విమానాలు వందల్లో వస్తుంటే తనిఖీదారుల కుర్చీలు ఖాళీగా ఉండటం మనల్ని నిద్రపోనివ్వకూడదు. 2024 జూన్ నుంచి ఆ శాఖను చూస్తున్న మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు మన పక్కనే ఉన్న శ్రీకాకుళం ఎంపీ. కొత్త విమానాశ్రయాన్ని చూసి సంతోషించే గొంతుతోనే ఆ పోస్టులు ఎప్పుడు నింపుతారని ఆయనను అడగవచ్చు. లోపం కనిపెట్టి చెప్పిన మెకానిక్‌కు, పైలట్‌కు ఉద్యోగ రక్షణ ఏదని సంస్థలను అడగవచ్చు. టిక్కెట్టు కొనేటప్పుడే విమానం రకం తెలుగులో స్పష్టంగా చూపమని కోరవచ్చు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే అక్కడినుంచి పడినవాని రక్తదోషం ఆ ఇంటి మీదికి వస్తుంది. పడినవాడు జాగ్రత్తగా ఉండవలసిందని దేవుడు అనలేదు, కట్టినవాణ్ణే బాధ్యుణ్ణి చేశాడు. పిట్టగోడ ఇంటికి అందం తేదు, అద్దె పెంచదు, ఖర్చు మాత్రం పెంచుతుంది. అయినా కట్టమన్నాడు.

మన సంఘాల్లో ప్రయాణానికి ముందు ప్రార్థించే మంచి అలవాటు ఉంది. ఇకమీదట ఆ ప్రార్థనలో పైలట్‌తో పాటు, రాత్రిపూట హ్యాంగర్‌లో బోల్టు బిగించే పనివానిని, సంతకం పెట్టడానికి నిరాకరించే ఇన్‌స్పెక్టర్‌ను కూడా తలచుకుందాం. పిట్టగోడ కట్టేది వారే.