మూడు లైన్ల నేరం

మా బావమరిది సినిమాల్లో కో-డైరెక్టర్. మొన్న సంక్రాంతికి మా ఇంటికొచ్చినప్పుడు నా బల్ల మీదున్న రూళ్ళ నోటుబుక్కు తీసి తిరగేశాడు. చూసిన సినిమాల గురించి అందులో రాసుకుంటుంటాను. సినిమాకి మూడు లైన్లు, మనసు నిండితే ఐదు. కథ రాయను, మార్కులు వెయ్యను. తేదీ, సినిమా పేరు, హాల్లోంచి బయటికొచ్చాక నాకేమనిపించిందో ఆ ముక్క, అంతే. వాడు నాలుగు పేజీలు చదివి, బుక్కు మూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోపమొస్తే వాడలాగే చేస్తాడు.

"రెండేళ్ళ కష్టం బావా. రెండొందల మంది పని. నువ్వు మూడు లైన్లలో తేల్చి పారేశావు."

"నేనెక్కడ తేల్చానురా? నాకనిపించింది రాసుకున్నాను."

"అనిపించడానికేముంది, అందరికీ అనిపిస్తుంది. ఒక్క షాట్ తీసి చూడు, అప్పుడు తెలుస్తుంది."

మా ఆవిడ గారెలు తెచ్చి పెట్టబట్టి గొడవ అక్కడికాగింది. వాడొక్కడి మాటే అయితే నేనూ గారెలతో పాటు మింగేసేవాణ్ణి. కానీ ఈమధ్య ఏ ప్రెస్ మీట్ చూసినా, ఏ సక్సెస్ మీట్ చూసినా ఇదే పాట. సినిమా అంటే వందల కుటుంబాల అన్నం, కాబట్టి నచ్చకపోతే మాట్లాడకు. సాంకేతికం తెలియనివాడివి, నీకు అభిప్రాయమేమిటి? కనీసం మొదటి మూడు రోజులన్నా నోరు కట్టుకో. 2024 చివర్లో తమిళ నిర్మాతల సంఘం ఒకటి ఏకంగా మద్రాసు హైకోర్టుకే వెళ్ళింది, విడుదలైన మూడు రోజులదాకా ఆన్‌లైన్ సమీక్షలు రాకుండా ఆపించమని. అలా గంపగుత్తగా నోళ్ళు మూయించడం కుదరదని, అది భావప్రకటన హక్కు సంగతని కోర్టు చెప్పింది. చట్టం గొడవ అక్కడికి తీరింది. ఆ కోరిక మాత్రం తీరలేదు. చిత్రమేమంటే సినిమాలతో ఏ సంబంధమూ లేనివాళ్ళు కూడా ఈ వాదనని నమ్మేస్తున్నారు. టికెట్ కొనుక్కుని, మూడు గంటలు కూర్చుని, బయటికొచ్చి, "పాపం, కష్టపడి తీశారు కదండీ, మనమెందుకు అనడం" అంటున్నారు.

ముందు ఆ మూడు రోజుల లెక్క చూద్దాం. పెద్ద సినిమా వస్తోందంటే టికెట్ రేటు పెంచుకోనివ్వమని ప్రభుత్వానికి దరఖాస్తు వెళ్తుంది, జీవో వస్తుంది. ఆ పెంపు అన్నిటికన్నా ఎక్కువుండేది మొదటి షోలకే. 'పుష్ప 2'కి 2024 డిసెంబర్ 4 రాత్రి వేసిన ప్రీమియర్లకు తెలంగాణలో ఒక్కో టికెట్ మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవడానికి అనుమతి దొరికింది. (నేనా షోకి వెళ్ళలేదు. హడావుడి తగ్గాక ఓ మ్యాట్నీకి వెళ్ళాను.) అంటే సరుకు ధర ఆకాశంలో ఉన్న రోజుల్లోనే సరుకెలా ఉందో ఎవరూ చెప్పకూడదు. మా వీధిలో తోపుడుబండివాడు కూడా బెండకాయ చివర విరిచి చూస్తే ఏమీ అనడు.

నిజమే, ఒకప్పుడు యాభై రోజులు, వంద రోజులు అని పోస్టర్లు పడేవి, డబ్బు నెమ్మదిగా వచ్చేది. ఇప్పుడంతా మొదటి వారాంతంలోనే రాబట్టుకోవాలి, నాలుగు వారాలు తిరిగితే ఓటీటీ తలుపు తడుతుంది. ఆ తొందర ప్రేక్షకుడు తెచ్చిపెట్టింది కాదు.

నోటిమాట సినిమాని చంపుతోందంటున్నారు. అది బతికించిన వాటి పద్దు కూడా రాయాలిగా? 1980 ఫిబ్రవరిలో 'శంకరాభరణం' వచ్చింది. నడివయసు దాటిన సోమయాజులు హీరో, పాటలు చూస్తే శాస్త్రీయ సంగీతం. మొదట్లో హాళ్ళు పలచగా ఉన్నాయి. చూసొచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి పక్కింటివాళ్ళకి చెప్పారు, వాళ్ళు అత్తగారింటికి ఉత్తరాలు రాశారు, కొన్నాళ్ళకి టికెట్లు దొరకడం గగనమైపోయింది. అలా చెప్పినవాళ్ళలో ఛాయాగ్రహణం బాలు మహేంద్రదని ఎంతమందికి తెలుసు? సంగీతం నేర్చుకున్నవాళ్ళెంతమంది? మా అమ్మకి రాగం పేరొక్కటీ రాదు. "ఆ ముసలాయన్ని చూస్తే మా నాన్న గుర్తొచ్చాడే" అని వీధి చివరిదాకా చెప్పింది. నిర్మాత ఏడిద నాగేశ్వరరావు గారికి మా అమ్మ చేసిన ప్రచారం అంతే, అదీ పైసా ఖర్చు లేకుండా.

2023లో 'బలగం' సంగతి చూడండి. ఓటీటీలోకి వచ్చేశాక కూడా తెలంగాణ పల్లెల్లో వీధిలో తెర కట్టి ఊరు ఊరంతా కలిసి చూసింది. కాకి పిండం ముట్టకపోతే ఇంట్లో ఎంత గుబులుగా ఉంటుందో తెలిసినవాళ్ళు పక్క ఊరివాళ్ళకి చెప్పారు. విడిపోయిన అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకున్నారని కూడా అప్పట్లో విన్నాం. వాళ్ళనెవరూ సాంకేతిక పరిజ్ఞానం ఏపాటిదని అడగలేదు.

పరిశ్రమకి ఇది తెలియదా అంటే, భేషుగ్గా తెలుసు. సరుకు మీద నమ్మకముంటే విడుదలకి ముందే పెయిడ్ ప్రీమియర్లు వేసి, చూసి చెప్పండని బతిమాలతారు. 2025లో 'కోర్ట్'కి అలాగే వేశారు, 'లిటిల్ హార్ట్స్'కీ వేశారు. 'కోర్ట్' సమర్పకుడు నాని అయితే వేదికెక్కి, ఇది నచ్చకపోతే తర్వాత రాబోయే నా 'హిట్ 3' చూడొద్దనే అనేశాడు. భేష్! నమ్మకమున్నవాడు అలాగే అంటాడు. మూడు రోజుల మౌనవ్రతం అడిగేవాళ్ళకి ఉన్నదేమిటో మరి.

ఇక కష్టం సంగతి. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి వంట రావాలా అనే పాత జవాబొకటుంది. నాకది అంతగా నచ్చదు. మా బావమరిది మాటలో నిజముంది, ఆ షాట్ ఎందుకలా వచ్చిందో నాకు తెలీదు. ఆ రోజు వాన పడి ఉండొచ్చు. ఆర్టిస్టు డేట్లు అయిపోయి ఉండొచ్చు. ఎడిటర్ వద్దన్నా హీరో ఉంచమని ఉండొచ్చు. నేను వాటి జోలికి పోను. సరిగ్గా చెప్పాలంటే నా లైన్లు వాళ్ళు పడ్డ పాట్ల గురించి కావు, ఆ రెండున్నర గంటల్లో నాకేం జరిగిందన్నదాని గురించి. ఆ ఒక్క విషయంలో నన్ను మించిన నిపుణుడు ఫిల్మ్‌నగర్ మొత్తం వెతికినా దొరకడు.

నోటుబుక్కులోంచి కొన్ని చూపిస్తాను, నేరమేదో మీరే చెప్పండి.

'35 – చిన్న కథ కాదు': "సున్నాకి విలువ లేనప్పుడు అది ఒకటి పక్కన చేరితే తొమ్మిది కంటే పెద్దదెలా అయిందని అడుగుతాడు పిల్లాడు. లెక్కల మాస్టారు నన్ను బెంచీ ఎక్కించిన మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఆ తల్లి కొడుకు కోసం మళ్ళీ లెక్కలు నేర్చుకుంటుంటే ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. నేను కాదు."

'క': "మధ్యాహ్నం మూడింటికే చీకటి పడే ఊరు, భలే ఊహ. అంతకంటే బాగున్నది, నా అన్నవాళ్ళు లేనివాడు పరాయివాళ్ళ ఉత్తరాలు చదువుకోవడం. తప్పే గాని, అది ఆకలి. ఫైటు వచ్చినప్పుడల్లా మళ్ళీ ఉత్తరాల దగ్గరికి ఎప్పుడెళ్తారా అని కూర్చున్నాను."

'కోర్ట్': "శివాజీ వేసిన మంగపతి. ఆ మనిషి గదిలోకొస్తే ఆడవాళ్ళ గొంతు తగ్గిపోతుంది. మా పెదనాన్న గుర్తొచ్చి కాసేపు తెర కనబడలేదు. లాయర్ల వాదనలు బాగానే ఉన్నాయి, నాకు మాత్రం ఆ ఇల్లే గుర్తుంది."

'పుష్ప 2': "మూడు గంటల ఇరవై నిమిషాలు. గంగమ్మ జాతరలో చీర కట్టిన పుష్పరాజ్ ముందు నోరు తెరుచుకుని కూర్చుండిపోయాను. తిరుపతి గంగమ్మ జాతరలో ఆడవేషాలు కట్టే మగవాళ్ళని చూసినవాళ్ళకి ఆ ఊపు ఎక్కడిదో తెలుసు. ఆ తర్వాతి గంట ఎందుకుందో తెలీలేదు. లేచేసరికి మోకాళ్ళు పట్టేశాయి."

మా వాడికి ఒళ్ళు మండింది ఈ చివరిదానికే. దాంట్లో అబద్ధం ఏదో చూపించమన్నాను. మోకాళ్ళు పట్టలేదని వాడెలా అంటాడు? చదివినవాడు దీన్నిబట్టి సినిమాకి వెళ్ళడం మానేస్తాడా? జాతర చూడ్డానికే వెళ్తాడేమో, మోకాళ్ళ నొప్పులున్నవాడు ఇంట్లో చూద్దాంలే అనుకుంటాడేమో. అది వాళ్ళ వాళ్ళ మోకాళ్ళ సంగతి.

ఇంత చెప్పాను గాని, మా ప్రేక్షకుల వైపు అంతా సవ్యంగా ఉందని అనను. హాలు బయట మైకు పెట్టి అడగండి. "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది, ఫ్యామిలీస్‌కి కనెక్టవుద్ది, బీ సీ సెంటర్లలో ఆడుద్ది, నిర్మాత సేఫ్." ఇరవయ్యేళ్ళ కుర్రాడు చెబుతాడీ మాట, సొంత డబ్బుతో గోదావరి జిల్లాల హక్కులు కొన్నవాడిలా. నిర్మాత సేఫో కాదో నీకెందుకు నాయనా? నువ్వెలా ఉన్నావు? నవ్వావా? భయపడ్డావా? పక్కన కూర్చున్న అమ్మాయి చెయ్యి పట్టుకుందామనిపించిందా? అడిగితే తెల్లమొహం వేస్తాడు.

పాపం వాడి తప్పేం లేదు. వాడికా భాష నేర్పింది పరిశ్రమే. విడుదలైన మర్నాటినుంచి గ్రాస్ ఎంత, షేర్ ఎంత, బ్రేక్ ఈవెన్ అయిందా అని పోస్టర్లేసి, మన హీరో పక్క హీరో రికార్డు కొట్టాడని ఊరించి, ప్రేక్షకుణ్ణి పంపిణీదారుణ్ణి చేసి కూర్చోబెట్టారు. పంపిణీదారుడు సినిమా చూసి సరుకు లెక్కే చెబుతాడు, కన్నీళ్ళ లెక్క చెబుతాడా? ఇప్పుడు వాడు "డిజాస్టర్" అంటే గుండెలు బాదుకుంటున్నారు. నిన్నటిదాకా వాడి నోట "బ్లాక్‌బస్టర్" అనిపించినప్పుడు వాడి అర్హత ఎవరికీ గుర్తు రాలేదు. మార్కుల పిచ్చి కూడా ఈ కొమ్మదే. రెండున్నరకీ రెండు ముప్పావుకీ మధ్య ఉన్న ఆ పావు సినిమాలో ఎక్కడుంటుందో చూపించమని చాలామందిని అడిగాను, ఇంతవరకూ ఎవరూ చూపించలేదు.

ఇక డబ్బు తీసుకుని పొగిడేవాళ్ళున్నారు, ఇవ్వకపోతే తిట్టేవాళ్ళున్నారు, ఇంకో హీరో మీది అభిమానంతో సినిమా చూడకుండానే దుమ్మెత్తిపోసేవాళ్ళున్నారు. అది బేరం, బెదిరింపు. వాళ్ళ మీద నిక్షేపంగా కేసులు పెట్టండి. పెట్టేముందు, ఆ పొగడ్తల కూలి ఎవరి జేబులోంచి వెళ్తోందో కూడా ఓసారి తడుముకుంటే మంచిది. వాళ్ళని చూపించి, ఆటోలో ఇంటికెళ్తూ "నాకు నచ్చలేదే" అనుకునే మొగుడూపెళ్ళాల నోరు నొక్కుతామంటే ఎలా?

నా మూడు లైన్లు తప్పు కావని కాదు. తరచు తప్పవుతాయి. తలనొప్పితో చూసిన సినిమా ఒకలా ఉంటుంది, జీతం వచ్చిన రోజు చూసింది ఇంకోలా ఉంటుంది. అందుకే తేదీ వేసుకుంటాను. 'లక్కీ భాస్కర్' కింద 2024 నవంబరులో ఇలా రాశాను: "బొంబాయి బ్యాంకులో క్యాషియర్. వాడు దొరక్కూడదని మొక్కుకుంటూ చూశాను. డబ్బు లెక్కపెట్టే సీన్లలో నా వేళ్ళూ ఆడాయి. భలే సినిమా."

గారెలయ్యాక ఆ రాత్రి, రాజీ కోసమన్నట్టు, అదే సినిమా టీవీలో పెట్టాను. మా బావమరిది మొదటి గంట బాగా చెప్పాడు. ఆ కాలం బొంబాయిని చూపించడానికి ఎన్ని తిప్పలు పడి ఉంటారో, పాత కార్లు తెచ్చి రోడ్డు మీద నిలబెట్టాలంటే ఎంత తతంగమో. నాకు తెలియని సంగతులు, నోరెత్తకుండా విన్నాను. సగం దాటాక వాడి మాట ఆగిపోయింది. తిరిగి చూస్తే దిండు చంకలో పెట్టుకుని గురక. ఎవరిదో రెండేళ్ళ కష్టం ఎదురుగా టీవీలో నడుస్తూనే ఉంది.

నేను ఆఖరిదాకా చూసి, నోటుబుక్కు తీసి, పాత లైన్లు కొట్టెయ్యకుండా వాటి కింద కొత్త తేదీ వేసి రాశాను: "ఈసారి దొరక్కూడదని మొక్కుకోలేదు. డబ్బొచ్చాక మొగుడు మారిపోతుంటే భాస్కర్ భార్య సుమతి ముఖంలో ఏం కనబడుతోందా అనే చూస్తూ కూర్చున్నాను."